పాఠాన్నే తిరిగి కట్టడం: ఒక ప్రాథమిక పాఠశాల ప్రాజెక్టు డైరీ

విద్యా సంవత్సరం మొదలవకముందు

ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు బోధనను పిల్లల సర్వతోముఖాభివృద్ధికి తగినట్లు తిరిగి రూపొందించే పనిని మా ఉపాధ్యాయ బృందం ఈ సంవత్సరం చేపట్టింది. పనిలోకి దిగే ముందు, అమలులో ఉన్న టైమ్‌టేబుల్‌ను బల్ల మీద పరిచి, పిల్లల శరీరానికి, చేతులకు, భావాలకు, తోటివారితో కలిసి మెలిగే శక్తికి అందులో ఎంత చోటు ఉందో చూశాము. చోటు బొత్తిగా లేదని చెప్పలేము. ఆటలకు, చిత్రలేఖనానికి, నీతిబోధకు వేర్వేరు పీరియడ్లు ఉన్నాయి. అయితే అవన్నీ రోజు చివరకు నెట్టబడి ఉన్నాయి. పరీక్షలు దగ్గరపడితే ముందుగా రద్దయ్యేవీ అవే. మిగిలిన సమయమంతా పిల్లలు కూర్చుని వింటారు, చూసి రాస్తారు, అప్పజెబుతారు.

దీనిని ఎలా సరిదిద్దాలన్న విషయంలో బృందంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. సంగీతం, యోగా, జీవన నైపుణ్యాలు అంటూ మరికొన్ని పీరియడ్లు చేర్చాలని కొందరన్నారు. పీరియడ్లు చేర్చడం వల్ల ప్రయోజనం కొద్దిగానే ఉంటుందని, గణితం, భాష, పరిసరాల విజ్ఞానం అని మనం పిలిచే ఆ పాఠాలనే మరో విధంగా కట్టాలని ఇంకొందరు వాదించారు. నేను ఈ రెండవ పక్షాన నిలిచాను. లెక్క తప్పుతుందేమోనని వణికే పిల్లవాడికి సాయంత్రం నీతిబోధ పీరియడ్‌లో ధైర్యం గురించి కథ చెప్పినంత మాత్రాన ఆ వణుకు తగ్గదు. అది లెక్కల పాఠంలో పుట్టింది కనుక అక్కడే తగ్గాలి. పిల్లవాడు తన శరీరాన్ని, స్నేహాలను, భయాలను వెంటబెట్టుకునే ప్రతి పాఠానికీ వస్తాడు. వాటిలో ఏది వికసిస్తుందో, ఏది ముడుచుకుపోతుందో ఆ పాఠం నడిచే తీరును బట్టే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. తల, హృదయం, చేయి మూడూ కలిసి ఎదగాలని పెస్టాలజీ అనే విద్యావేత్త రెండు శతాబ్దాల కిందటే చెప్పి, స్విట్జర్లాండులో ఆ పద్ధతిన బడులు నడిపాడు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 29వ అధికరణం, విద్య లక్ష్యాలలో మొదటిదిగా పిల్లల వ్యక్తిత్వం, ప్రతిభ, మానసిక శారీరక సామర్థ్యాలు పూర్తి స్థాయికి ఎదగడాన్ని పేర్కొంది. కానీ మాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది, అమెరికా తత్వవేత్త, విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో చికాగో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రయోగ పాఠశాలలోని ఒక చిన్న ఉదంతం. అక్కడి పిల్లలు పత్తికాయ నుంచి గింజలను వేరుచేసి దూదిని చేతులతో తీసే పని చేశారు. అరగంట శ్రమించినా ఒక ఔన్సు కూడా, అంటే సుమారు 28 గ్రాములు కూడా, చేతికి రాలేదు. గింజలను వేరుచేసే యంత్రం రాకముందు తమ పూర్వీకులు నూలు బట్టల కంటే ఉన్ని బట్టలనే ఎందుకు ఎక్కువగా ధరించేవారో ఆ పిల్లలకు తమ వేళ్ళ అలసట ద్వారానే బోధపడింది. అక్కడ చేతిపనికీ చరిత్రకూ వేరువేరు పీరియడ్లు లేవు. 1937లో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకున్న ప్రాథమిక విద్యా పథకం కూడా చేతివృత్తిని అదనపు విషయంగా చేర్చలేదు. తక్కిన విషయాలను బోధించే మార్గంగానే దానిని నిలిపింది. మా ప్రణాళికకు మేము ఎంచుకున్న కొలబద్ద ఇదే: ఏ పాఠమైనా సరే, అందులో పిల్లవాడు చేసిన పనికీ, అతనికి కలిగిన ఆలోచనకీ మధ్య విడదీయరాని సంబంధం ఉండాలి.

సమయాన్ని తిరిగి పంచడం

40 నిమిషాల పీరియడ్‌లో చేతితో చేసే పని ఏదీ పూర్తి కాదు. సామగ్రి తీయడానికి, సర్దడానికి పోగా మిగిలే సమయంలో పిల్లలు పనిలో లీనమయ్యే సరికి గంట మోగుతుంది. అందువల్ల రోజును మూడు పెద్ద భాగాలుగా చేశాము. ఉదయం తొలి భాగం చదవడం, రాయడం, లెక్కల్లో క్రమబద్ధమైన సాధనకు. ఆ తర్వాత ఆరుబయట గడిపే విరామం. రెండవ భాగంలో 90 నిమిషాల పాటు ఒకే యూనిట్ మీద, అంటే పలు విషయాలను కలిపే ఒకే అంశం మీద, ఉమ్మడిగా పని. మధ్యాహ్నం కథ, పాట, బొమ్మలు, నాటకం, స్వేచ్ఛగా ఎంచుకునే పని. ఒకటి, రెండు తరగతుల వారికి 90 నిమిషాలు ఎక్కువ కనుక వారి ఉమ్మడి పనిని రెండుగా విడగొట్టి మధ్యలో ఆటను ఉంచాము.

విరామాన్ని తగ్గించకూడదన్నది టైమ్‌టేబుల్‌లో మేము రాసుకున్న ఏకైక నిషేధం. 5 నుంచి 17 సంవత్సరాల వయసు వారికి రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. హోంవర్కు పూర్తి చేయని పిల్లలను విరామంలో లోపలే కూర్చోబెట్టే అలవాటు చాలా బడుల్లో ఉంది. కదలిక ఎవరికి ఎక్కువ అవసరమో వారికే దానిని దూరం చేసే శిక్ష అది. ఆ అలవాటును పూర్తిగా మానుకోవాలని నిర్ణయించాము.

మొదటి నెల: నీడ యూనిట్

మూడు, నాలుగు తరగతులకు మొదటి ఉమ్మడి యూనిట్‌గా నీడను ఎంచుకున్నాము. ఖర్చు లేనిది, బడి ఆవరణలోనే దొరికేది, అడిగిన కొద్దీ లోతుగా వెళ్ళేది కావడం ఇందుకు కారణం. పాఠ్యపుస్తకంలో కొలతలు ఒక చోట, సూర్యుడు, దిక్కులు మరొక చోట, పట్టికలు గీయడం ఇంకొక చోట ఉంటాయి. నీడను కొలిచే పనిలో ఈ మూడూ ఒకదానిని ఒకటి పిలుచుకుని వస్తాయి.

ఆవరణలో ఒక కర్రను నిటారుగా పాతి, గంట గంటకూ దాని నీడ కొసను సుద్దతో గుర్తు పెట్టి, పొడవు కొలవడం పని. కొలిచే సాధనం ఇవ్వకుండా మొదలుపెట్టాలని ముందే అనుకున్నాము. పిల్లలు జానలతో, అడుగులతో కొలిచారు. ఒకే నీడకు ఒక జట్టు చెప్పిన సంఖ్య మరొక జట్టుతో సరిపోలేదు. తప్పుగా లెక్కపెట్టారని ఒకరినొకరు నిందించుకున్నారు, మళ్ళీ కొలిచారు, మళ్ళీ తేడా వచ్చింది. అప్పుడు ఒక అమ్మాయి తన చేతిని పక్కనున్న అబ్బాయి చేతికి ఆనించి చూపించింది. చేతులే వేరైనప్పుడు జానల లెక్క కలవదని ఆ క్షణంలో గుంపంతటికీ అర్థమైంది. ఉపాధ్యాయురాలు అప్పటిదాకా లోపల ఉంచిన మీటరు స్కేలును ఆ తర్వాతే బయటకు తెచ్చారు. ప్రామాణిక కొలత ఎందుకు కావాలో చెప్పే వాక్యాన్ని పుస్తకంలో చదివి అప్పజెప్పిన పిల్లలను మేము ఏళ్ళ తరబడి చూశాము. ఆ కొలత అవసరమైంది కాబట్టి దానిని అడిగి తీసుకున్న పిల్లలను చూడడం వేరు.

యూనిట్‌లో అత్యంత విలువైన ఘట్టం ఆ తరువాత వచ్చింది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది సరిగ్గా పన్నెండు గంటలకేనని పిల్లలందరూ ముందుగా ఊహ రాసి పెట్టుకున్నారు. పన్నెండుకు అటూ ఇటూ ప్రతి ఐదు నిమిషాలకూ కొలవగా, పొట్టి నీడ పన్నెండు గంటలకు రాలేదు. కర్ర వంగిందేమో, గడియారం తప్పేమో అని పిల్లలు వెతికారు. మరునాడు కర్రకు దారంతో రాయి కట్టి నిటారుగా ఉందో లేదో సరిచూసి మళ్ళీ కొలిచారు. ఫలితం మారలేదు. ఒక కాల మండలంలోని ఊళ్ళన్నిటికీ గడియారం ఒకే సమయం చూపిస్తుందని, సూర్యుడు మాత్రం తూర్పున ఉన్న ఊరి నడినెత్తికి ముందుగా, పడమటి ఊరికి ఆలస్యంగా చేరతాడని, పైగా భూమి కక్ష్య కారణంగా సంవత్సరంలో ఈ తేడా కొన్ని నిమిషాలు అటూ ఇటూ మారుతుందని అప్పుడు చెప్పాము. మొదటి భాగం నాలుగవ తరగతి వారికి బాగా అందింది. రెండవ భాగం అందరికీ అందలేదు, అందాలని పట్టుబట్టవలసిన వయసు కూడా కాదది. పొట్టి నీడ పడిన గీత వెంబడి ఉత్తర దక్షిణ దిక్కులను తామే ఆవరణలో గీసుకోవడం మాత్రం మూడవ తరగతి పిల్లలు కూడా ఎవరి సాయమూ లేకుండా చేశారు.

ఈ పనిలో ఏ సామర్థ్యాలు పనిచేశాయో బృందంగా కూర్చుని విడదీసి చూడబోయాము. అంకెలు, పట్టిక, గీత చిత్రం ఉన్నాయి. ఎండలో వంగి, కూర్చుని, లేచి కొలిచిన శరీరం ఉంది. ఊహ తప్పినప్పుడు నిరాశను దిగమింగి మళ్ళీ కొలవడం ఉంది. తమ జట్టు సంఖ్యను నమ్మని వారికి ఆధారం చూపి ఒప్పించవలసిన మాట ఉంది. చివరన ప్రతి ఒక్కరూ రాసిన నివేదిక, వేసిన బొమ్మ ఉన్నాయి. వీటిలో దేనికీ మేము ప్రత్యేక పీరియడ్ కేటాయించలేదు. మొదట్లో పీరియడ్లు చేర్చాలని వాదించిన సహోద్యోగి ఈ చర్చ తర్వాత రెండవ యూనిట్ బాధ్యతను తానే అడిగి తీసుకున్నారు.

చదవడం విషయంలో

సమగ్ర వికాసం అనే మాట వినగానే చదవడం, లెక్కలు పలుచబడతాయని భయపడేవారున్నారు. ఆ భయానికి కారణం ఉంది. ప్రాజెక్టుల పేరిట పిల్లలు రంగు కాగితాలు అతికిస్తూ ఉండిపోయి, మూడవ తరగతికి వచ్చినా ఒక పేరాను ధారాళంగా చదవలేకపోతే, అది వికాసం అనిపించుకోదు. చదవడం రాని పిల్లవాడు రోజంతా అవమానంతో కూర్చుంటాడు. అతని ఆత్మవిశ్వాసం గురించి మనం ఎన్ని మాటలు చెప్పినా అవి అతనికి చేరవు. అందుకే ఉదయపు తొలి భాగాన్ని ఏ యూనిట్ కోసమూ కదపలేదు.

తెలుగు లిపిలో అచ్చులు, హల్లులతో పని పూర్తి కాదు; ప్రతి హల్లుకూ గుణింతం, దాని మీద ఒత్తులు, ఆ పైన సంయుక్తాక్షరాలు చేరి పిల్లవాడు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. ఇవి వాటంతట అవే అబ్బుతాయని వదిలేయడం అన్యాయం. ధ్వనిని విని అక్షరంతో కలపడం, గుణింతపు గుర్తును వేరుగా పట్టుకోవడం, తెలిసిన అక్షరాలతోనే ఉన్న చిన్న వాక్యాలను చదవడం అనే క్రమాన్ని రోజూ పాటిస్తున్నాము. ఇంకా అక్షరం తెలియని వారికీ, తడబడకుండా చదివే వారికీ ఒకే పాఠం సరిపోదు కనుక, ఈ సాధనకు మాత్రం తరగతిని వయసును బట్టి కాక స్థాయిని బట్టి చిన్న గుంపులుగా చేసి, కొన్ని వారాలకొకసారి గుంపులను మారుస్తున్నాము. ఒక గుంపు పేరు వినగానే పిల్లలకు తాము వెనుకబడినట్లు తోచకూడదు కనుక గుంపులకు అంకెలు, ర్యాంకులు పెట్టలేదు. క్రమం తప్పక సాధన చేస్తున్నా అక్షరాలు నిలవని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వారికి చూపు, వినికిడి పరీక్షలు చేయించి, పఠన వైకల్యం ఉందేమో నిపుణుల చేత చూపించమని తల్లిదండ్రులకు సూచించాము. సోమరితనం అనే ముద్రను ఆ వయసులో ఎవరి మీదా వేయనివ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఒకటవ తరగతిలో పెన్సిల్ పట్టించే ముందు మట్టి ముద్దలు పిసకడం, కాగితం చించడం, కత్తెరతో గీత వెంబడి కత్తిరించడం చేయించాము. వేళ్ళకు బలం, పట్టు రాకుండా గుండ్రటి అక్షరాలు రాయించడం వల్లనే చాలా మందికి రాత అంటే విముఖత పుడుతుంది. లెక్కల్లో కూడా ఇదే క్రమం: ముందు వస్తువులు, తర్వాత బొమ్మ, చివరకు అంకె. బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో వివరించిన ఈ మూడు మెట్లలో మధ్య మెట్టునే బడులు ఎక్కువగా దాటవేస్తాయి. పుల్లల కట్టలతో తీసివేత చేసిన పిల్లలు దానిని బొమ్మగా గీయకుండా నేరుగా అంకెల్లోకి వెళ్ళినప్పుడే, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అర్థం తెలియని తంతుగా మారుతోందని మేము గమనించాము.

తగాదాల గురించి

జట్లుగా పని చేయించినప్పుడు తగాదాలు పెరిగాయి. దీనిని లోపంగా కొందరు సహోద్యోగులు ఎత్తిచూపారు. నా దృష్టిలో ఇది పని జరుగుతోందనడానికి గుర్తు. పక్కపక్కన కూర్చుని ఎవరి నోటుపుస్తకంలో వారు రాసుకునే పిల్లలకు విభేదించవలసిన అవసరమే రాదు. కనుక సర్దుకోవడమూ నేర్చుకోరు. అయితే తగాదాను దాని మానాన వదిలేయకూడదు. జట్టులో ప్రతి ఒక్కరికీ ఒక బాధ్యత, వంతుల వారీగా మారే పద్ధతి పెట్టాము: కొలిచేవారు, రాసేవారు, సరిచూసేవారు, సామగ్రి చూసుకునేవారు. తగాదా వచ్చినప్పుడు ఏమి జరిగింది, నీకు ఎలా అనిపించింది, ఇప్పుడు ఏమి చేస్తే సరిపోతుంది అనే మూడు ప్రశ్నలకు ఇద్దరి చేతా జవాబు చెప్పించి, తీర్పు మాత్రం పెద్దలు ఇవ్వకుండా ఆగడం నేర్చుకుంటున్నాము. ఆగడం పెద్దలకే కష్టంగా ఉంది. చిన్న తరగతుల్లో నటనతో కూడిన ఆటలు ఇందుకు ఎంతో తోడ్పడుతున్నాయి. ఆటలో పిల్లవాడు తన మామూలు ప్రవర్తన కంటే ఎత్తున ఉంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త వైగోత్‌స్కీ చెప్పిన మాట నిజమని, తన వంతు కోసం ఒక్క నిమిషం ఆగలేని అబ్బాయి రోగి పాత్రలో మంచం మీద ఓపికగా పడుకుని వైద్యుని కోసం ఎదురుచూసినప్పుడు కళ్ళారా చూశాము.

టర్ము మధ్యలో: ఏమి రాయాలి, ఏమి రాయకూడదు

ప్రోగ్రెస్ కార్డు మారకపోతే తక్కినదేదీ నిలవదని నాకు ఈ నెలలో రూఢి అయింది. ఇంటికి వెళ్ళే కాగితంలో దేనికి గడి ఉంటుందో, బడి దానినే నేర్పుతుంది. నీడ యూనిట్‌లో అంత జరిగాక, కార్డులో గణితం, పరిసరాల విజ్ఞానం అనే గడుల్లో రెండు అంకెలు వేసి పంపితే తల్లిదండ్రులకు తెలిసేది ఏమీ ఉండదు.

పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, కేవలం వ్యాఖ్య అందుకున్న పిల్లల పని మెరుగుపడగా, మార్కులు మాత్రమే అందుకున్నవారి పనిలోనూ, మార్కులతో పాటు వ్యాఖ్య అందుకున్నవారి పనిలోనూ ఆ మెరుగుదల కనిపించలేదు. మార్కు పక్కన ఉంటే పిల్లలు దానినే చూసి వ్యాఖ్యను వదిలేస్తారు. అందువల్ల రోజువారీ పని మీద మార్కులు వేయడం మానాము. ఉపాధ్యాయులు రోజుకు నలుగురైదుగురు పిల్లలను ఎంచుకుని, ఆ రోజు వారు చేసినదానిని చూసినది చూసినట్లుగా రెండు వాక్యాల్లో రాస్తారు. ‘చురుకైన విద్యార్థి’ వంటి మాటలను నిషేధించాము. ‘ఊహకు భిన్నంగా నీడ కొలత వచ్చినప్పుడు దారంతో కర్రను సరిచూడాలని సూచించింది’ అని రాస్తే ఆ అమ్మాయి గురించి, తర్వాత ఏమి ఇవ్వాలన్న దాని గురించి కూడా తెలుస్తుంది. తొలి నమూనాలో సామర్థ్యాల పట్టిక, టిక్కు పెట్టే గడులు చాలా ఉండేవి. వాటిని నింపడంలో పిల్లలను చూసే సమయం పోతోందని గుర్తించి ఒక్క పేజీకి కుదించాము.

ఒక విషయంలో బృందం సుదీర్ఘంగా చర్చించింది. దయ, సహకారం, సహనం వంటి వాటికి గ్రేడు ఇవ్వాలా? సర్వతోముఖాభివృద్ధి అన్నాక అన్నిటినీ కొలవాలి కదా అన్నది ఒక వాదన. నేను దీనిని గట్టిగా వ్యతిరేకించాను, ఇకముందు కూడా వ్యతిరేకిస్తాను. ఏడేళ్ళ పిల్లవాడి దయకు గ్రేడు వేసిన నాడు ఉపాధ్యాయుని ఎదుట దయ చూపించడం నేర్పినట్లవుతుంది. ఇంట్లో అనారోగ్యం ఉన్నందువల్ల వారమంతా చిరాకుగా ఉన్న పిల్లవాడికి తక్కువ గ్రేడు పడుతుంది. ఇటువంటి వాటిని గమనించాలి, అవసరమైన చోట సాయం చేయాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి, తరాజులో వేయకూడదు. చివరకు చదవడం, రాయడం, గణితంలో మాత్రమే స్థాయిని పేర్కొని, తక్కిన వాటిని వర్ణనగానే ఉంచాలని అంగీకారం కుదిరింది.

తల్లిదండ్రులతో

మార్కులు లేని కాగితం చూసి కొందరు తల్లిదండ్రులు ఆందోళన పడ్డారు. పై తరగతుల్లో పోటీ ఉంటుంది, అప్పుడు మా పిల్లలు ఏమవుతారన్నది వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న కనుక ప్రసంగాలతో జవాబు చెప్పదలచుకోలేదు. ప్రతి పిల్లవాడూ తన ఫైలులో నుంచి మొదటి నెల పనినీ, తాజా పనినీ పక్కపక్కన పెట్టి, ఏమి మారిందో స్వయంగా తల్లిదండ్రులకు వివరించే సమావేశం ఏర్పాటు చేశాము. మాట్లాడడానికి వెనుకాడతారనుకున్న పిల్లలు కూడా తమ కాగితాలు చేతిలో ఉండేసరికి చక్కగా చెప్పారు. సందేహాలన్నీ తీరలేదు. ముఖ్యంగా ఐదవ తరగతి తల్లిదండ్రులు రాత పరీక్షకు అలవాటు కావాలని కోరారు. అందుకు తగినట్లు చివరి టర్ములో వారికి సమయం పెట్టి రాసే పరీక్షలను పరిచయం చేయాలని నిర్ణయించాము. పరీక్ష రాయడం కూడా నేర్చుకోదగిన నైపుణ్యమే.

ప్రస్తుత స్థితి

నాలుగవ తరగతిలో రెండవ యూనిట్, ‘నీరు ఎటు పోతుంది’, నడుస్తోంది. పిల్లలు ఆవరణలో వాన నీటి దారులను గీసి, ఏటవాలును కొలుస్తున్నారు. ఒకటి, రెండు తరగతుల్లో మార్పు సాఫీగా సాగుతోంది. ఐదవ తరగతిలో భిన్నాలను ఏ పని ద్వారా కట్టాలో ఇంకా తేలలేదు. సంగీతంలోని తాళాన్ని సగాలు, పాతికలుగా విభజించడం నుంచి మొదలుపెట్టాలన్న ఆలోచన ఒకటి ముందుంది, వచ్చే వారం ఒక చిన్న గుంపుతో పరీక్షిస్తాము.

అన్నిటికంటే పెద్ద అవరోధం ఉపాధ్యాయుల సమయం. ఇటువంటి పాఠానికి ముందస్తు తయారీ ఎక్కువ, పరిశీలనలు రాయడం అదనం. పిల్లల సమగ్ర వికాసం కోసం ఉపాధ్యాయులను అలసటతో కుంగదీసే ఏర్పాటు ఎంతో కాలం నిలవదు. ఇద్దరు ఉపాధ్యాయుల తరగతులను వారంలో ఒక మధ్యాహ్నం కథలకు, పాటలకు ఒకే చోట చేర్చి, ఆ సమయంలో ఒకరికి ప్రణాళిక వేసుకునే వీలు కల్పించాలని యాజమాన్యాన్ని కోరాము. అనుమతి వచ్చింది. వచ్చే నెల మొదటి వారం నుంచి ఇది మూడు, నాలుగు తరగతుల్లో అమలవుతుంది. ఐదవ తరగతికి తోడు తరగతి ఏదన్నది ఇంకా నిర్ణయించవలసి ఉంది.